లెక్కకెక్కని శ్రమ

అనంతపురం పీఠభూమిపై ఏటా కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి రుతుపవనం పడమటి కనుమలను దాటి వచ్చేసరికి తన తడినంతా పోగొట్టుకొంటుంది. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరం నుంచి ఇంత లోతట్టు ప్రాంతానికి అందీ అందక నిలిచిపోతుంది. పలుచని ఎర్రనేలలు, ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకపరుపులుగా కనిపించే ఏరులు, అడుగంటిన చెరువులు ఇక్కడి ప్రకృతి. ఇటువంటి నేలలో వానపై ఆధారపడి పండగల పైరుగా వేరుశనగ గత శతాబ్దపు చివరి దశాబ్దాలలో జిల్లా అంతటా వ్యాపించింది. ఒక దశలో అది ఏడు లక్షల హెక్టార్లకు పైగా విస్తరించింది. 2022 ఏప్రిల్ 4న ఈ జిల్లా రెండుగా విడిపోయి, పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. ఈ వ్యాసంలో అనంతపురం అన్నచోటల్లా ఉమ్మడి జిల్లా అని గ్రహించాలి.

వేరుశనగ సేద్యంలో స్త్రీల చేయి సోకని దశ లేదు. విత్తనపు కాయలను ముందుగా ఒలిచి, మేలైన గింజలను ఏరి ఉంచేది వారే. తొలకరి పడగానే గొర్రు వెంట నడుస్తూ విత్తనం వేసేదీ, మొలక వచ్చాక నడుము వంచి కలుపు తీసేదీ వారే. పంట పక్వానికి వచ్చినప్పుడు చెట్లను పెరికి కుప్పవేయడం, కాయలను తుంపడం, తూర్పారబట్టడం, నేలలో మిగిలిపోయిన కాయలను తవ్వి ఏరుకోవడం కూడా ఎక్కువగా స్త్రీల పనులే. ఇంటి పశువులకు మేత, పొయ్యికి కట్టెలు, కుండకు నీళ్ళు తేవడం వీటికి అదనం. వీటిలో చాలా పనులకు కూలి ఉండదు. అవి సొంత చేనిలో, సొంత ఇంటికోసం చేసేవి.

ఇప్పుడు అదే ఇంటి గుమ్మంలోకి జనాభా లెక్కలు రాసుకొనే గణకుడు వచ్చాడనుకొందాం. ఇంటి యజమాని అరుగుమీద కూర్చొని వివరాలు చెబుతున్నాడు. పేరు, వయసు, చదువు పూర్తయిన తరువాత, "మీ ఆవిడ ఏం పని చేస్తుంది?" అనే ప్రశ్న వస్తుంది. "ఏమీ చేయదు, ఇంట్లోనే ఉంటుంది" అని ఆయన తడుముకోకుండా చెబుతాడు. ఆ మాట చెప్పిన మనిషి అబద్ధమాడాలని అనుకోలేదు. పని అనగానే కూలి తెచ్చేది, సంపాదన చూపేది అని ఆయన భావన. గణకుడు కూడా అటువంటి ఇంట్లో పుట్టి పెరిగినవాడే గనుక మారు ప్రశ్న వేయడు. ఆ గడిలో ఒక గుర్తు పడుతుంది. సంవత్సరమంతా ఎండలో వంగిన నడుము ఆ గుర్తుతో దేశపు శ్రామికుల పట్టికనుంచి తొలగిపోతుంది. ఇటువంటి పొరపాట్లు కొన్ని కోట్ల ఇళ్ళలో జరిగినప్పుడు దేశం తన గురించి తాను తెలుసుకొనే తీరులోనే లోపం ఏర్పడుతుంది. ఈ లోపాన్ని సవరించడానికి జరిగిన ప్రయత్నాల చరిత్రే జెండర్ గణాంకాల చరిత్ర.

జెండర్ గణాంకాలు అంటే స్త్రీల సంఖ్య, పురుషుల సంఖ్య వేరువేరుగా అచ్చువేసిన పట్టికలు మాత్రమే కావు. ఆ విభజన తొలి మెట్టు. ఉదాహరణకు 2011 జనగణన ప్రకారం అనంతపురం జిల్లా జనాభా 40,81,148. అక్షరాస్యత 63.57 శాతం. ఈ ఒక్క అంకెను మాత్రమే చూసినవారికి జిల్లా పరిస్థితి సగం మాత్రమే తెలుస్తుంది. విడదీసి చూస్తే పురుషులలో 73.02 శాతం, స్త్రీలలో 53.97 శాతం అక్షరాస్యులు. రెండింటి మధ్య పందొమ్మిది శాతం అంతరం సగటు అనే తెర వెనుక దాగి ఉంది. అయితే చదువుకు సంబంధించిన ప్రశ్న స్త్రీపురుషులకు ఒకే విధంగా వర్తిస్తుంది కాబట్టి విడదీస్తే చాలు. శ్రమ, ఆస్తి, కాలం, వలస మొదలైన విషయాలలో అలా కాదు. అక్కడ ప్రశ్నను రూపొందించినప్పుడే పురుషుని జీవితాన్ని కొలబద్దగా తీసుకోవడం జరిగింది. ఏ ప్రశ్న అడగాలి, ఎవరిని అడగాలి, ఏ కాలానికి అడగాలి, వచ్చిన సమాధానాన్ని ఏ పేరుతో నమోదు చేయాలి అని ఆలోచించడం నుంచి జెండర్ గణాంకాలు మొదలవుతాయి.

మన ప్రాచీనులకు ఈ విషయం బొత్తిగా తెలియదని చెప్పలేము. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో నగర పాలనను గురించి చెప్పే అధ్యాయం ఉంది. గోపుడనే ఉద్యోగి తన పరిధిలోని ఇళ్ళలో స్త్రీల, పురుషుల జాతి, గోత్రం, పేరు, వృత్తి, ఆదాయ వ్యయాలు తెలుసుకొని ఉండాలని అందులో విధించాడు. స్త్రీకి వృత్తి ఉంటుందనీ, ఆదాయ వ్యయాలు ఉంటాయనీ ఆ గ్రంథకర్త సహజంగానే భావించాడు. ఆయన ఉద్దేశం పన్నులు, నిఘా అన్నది నిజమే. అయినా అడగవలసిన ప్రశ్న అడిగాడు.

ఆధునిక కాలంలో దేశమంతటా ఒకేసారి జరిగిన మొదటి జనగణన 1881 నాటిది. అంతకు ముందు 1876 నుంచి 1878 వరకు దక్షిణాదిని ఘోరమైన క్షామం పీడించింది. తెలుగువారు దానిని ధాత కరువు అన్నారు. అనంతపురం అప్పటికి బళ్ళారి జిల్లాలో భాగం. 1882లో ప్రత్యేక జిల్లా అయింది. ఆ క్షామంలో ప్రభుత్వం నడిపిన కరువు పనులలో పురుషులకు, స్త్రీలకు, పిల్లలకు కూలి వేరువేరుగా ఉండేది. అందువల్ల ఎందరు స్త్రీలు రాళ్ళు మోశారో, మట్టి తవ్వారో ఆ లెక్కలలో ప్రత్యేకంగా నమోదు చేయవలసి వచ్చింది. తక్కువ కూలి చెల్లించడానికైనా వారిని వేరుగా లెక్కపెట్టక తప్పలేదన్నమాట. అవసరం ఉన్నప్పుడు స్త్రీల శ్రమను లెక్కించడం అసాధ్యమేమీ కాదని ఈ ఉదంతం తెలుపుతుంది.

శ్రమ మాట అటుంచి, స్త్రీ పేరే నమోదు కావడం ఒక కాలంలో కష్టమైంది. స్వతంత్ర భారతంలో తొలి సార్వత్రిక ఎన్నికలకు ఓటర్ల జాబితాలు తయారవుతున్నప్పుడు, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాలలో, అనేకమంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని మాత్రమే చెప్పుకొన్నారు. అప్పటి ప్రధాన ఎన్నికల అధికారి సుకుమార్ సేన్ అటువంటి నమోదును అంగీకరించలేదు. సొంత పేరు తెలపని సుమారు 28 లక్షలమంది స్త్రీల నమోదులు జాబితానుంచి తొలగిపోయాయి. ఆ నిర్ణయం కఠినమైనదే గాని, తరువాతి ఎన్నికల నాటికి స్త్రీలు తమ పేర్లతోనే జాబితాలకు ఎక్కడానికి అది దోహదం చేసింది.

1971 సెప్టెంబరులో భారత ప్రభుత్వం స్త్రీల స్థితిగతులను పరిశీలించడానికి ఒక సంఘాన్ని నియమించింది. ఫుల్‌రేణు గుహ అధ్యక్షురాలు. వీణా మజుందార్ సభ్య కార్యదర్శి. 1974 చివరలో సిద్ధమైన ఆ నివేదిక 'సమానత్వం వైపు' అన్న అర్థం వచ్చే పేరుతో ప్రసిద్ధమైంది. సంఘం సభ్యులు కొత్త అంకెలను సృష్టించలేదు. పాత జనగణన సంపుటాలను పక్కపక్కన పెట్టి చదివారు. 1901లో ప్రతి వేయిమంది పురుషులకు 972 మంది స్త్రీలు ఉండగా, దశాబ్దం వెంట దశాబ్దం ఆ నిష్పత్తి తగ్గుతూ వచ్చిందని గుర్తించారు. అది 1991 నాటికి 927కు పడిపోయింది; 2011లో 943. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళు గడిచినా ఈ క్షీణత పాలకుల దృష్టికి రాకపోవడం ఆశ్చర్యకరం. అంకెలు అచ్చులో ఉన్నాయి, చదివినవారు లేరు.

ఆ కాలంలోనే మరొక విచిత్రం జరిగింది. 1961 జనగణనలో స్త్రీలలో దాదాపు 28 శాతం మంది శ్రామికులుగా నమోదయ్యారు. పదేళ్ళ తరువాత, 1971లో, ఆ సంఖ్య సుమారు 12 శాతానికి దిగిపోయింది. పదేళ్ళలో దేశంలోని శ్రామిక స్త్రీలలో సగంమందికి పైగా పని మానివేశారా? అటువంటిదేమీ జరగలేదు. మారింది నిర్వచనం. 1961లో వ్యవసాయం వంటి కాలానుగుణమైన పనుల విషయంలో, పని కాలంలో ఎక్కువ భాగం రోజుకు గంటకు మించి క్రమంగా పనిచేసినవారిని శ్రామికులుగా పరిగణించారు. 1971లో ప్రతి వ్యక్తికీ ఒక ముఖ్య వ్యాపకం ఏమిటని అడిగి, దాని ఆధారంగా వర్గీకరించారు. ఇంటిపని, చేనిపని రెండూ చేసే స్త్రీని ముఖ్య వ్యాపకం ఏమిటని అడిగితే ఏమని చెబుతుంది? వంట, పిల్లలు అన్న సమాధానమే వచ్చింది. ఆమె చేనిపని రెండవ వరుసలోకి జారిపోయింది. ప్రశ్నలోని ఒక్క మాట ఎంత పని చేయగలదో తెలియడానికి ఇంతకంటె గొప్ప ఉదాహరణ దొరకదు.

ఈ అనుభవం వ్యర్థం కాలేదు. ఆర్థికవేత్తలు, మహిళా సంఘాలు విమర్శించగా విమర్శించగా, 1991 జనగణన పత్రంలోని పని ప్రశ్నకు ఒక వివరణ చేరింది. గడచిన సంవత్సరంలో ఎప్పుడైనా పని చేశారా అన్న ప్రశ్న పక్కన, పొలంలోగాని కుటుంబ వృత్తిలోగాని జీతం లేకుండా చేసిన పని కూడా ఇందులోకి వస్తుందని స్పష్టంగా ముద్రించారు. ఐక్యరాజ్య సమితి మహిళా నిధి సహకారంతో గణకులకు ఈ విషయమై ప్రత్యేక శిక్షణ, ప్రచారం కూడా జరిగాయి. 1981లో 19.67 శాతంగా ఉన్న స్త్రీల శ్రామిక భాగస్వామ్యం 1991లో 22.27కు, 2001లో 25.63కు పెరిగింది; 2011లో 25.51 వద్ద నిలిచింది. ఈ పెరుగుదలలో నిజమైన మార్పు ఎంత, లెక్కలో వచ్చిన మార్పు ఎంత అని విడదీయడం సులభం కాదు. కాని పత్రం మీద ఆ నాలుగు మాటలు ఉండడం అవసరమని అప్పటినుంచి ఎవరూ కాదనలేదు.

అయినా అనంతపురం వంటి మెట్టసీమకు ఒక చిక్కు మిగిలే ఉంది. జనగణన శ్రామికులను రెండు తెగలుగా విభజిస్తుంది. సంవత్సరంలో ఆరు నెలలు, అంటే 183 రోజులు, లేదా అంతకు మించి పనిచేసినవారు ప్రధాన శ్రామికులు. అంతకు తక్కువ పనిచేసినవారు ఉపాంత శ్రామికులు. కోనసీమలో కాలువ కింద రెండు పంటలు పండించే కుటుంబానికి ఆరు నెలల పని సహజం. అనంతపురంలో వేరుశనగ జూన్, జూలైలలో విత్తితే అక్టోబరు, నవంబరుకు చేతికి వస్తుంది. మొత్తం పంట కాలం నాలుగు నెలలు. వాన సకాలంలో రాకపోతే ఆ నాలుగూ మూడవుతాయి; అసలు రాకపోతే విత్తనమే వేయరు. అంటే ఇక్కడి సొంత చేనిలో పంట కాలమంతా ఒక్కరోజు కూడా విడవక పనిచేసిన స్త్రీ కూడా ఆ ఒక్క కారణంచేతనే ఉపాంత శ్రామికురాలు కావచ్చు. ఆమె తక్కువ పనిచేసిందన్న అభిప్రాయం ఆ పదంలో ధ్వనిస్తుంది గాని, నిజానికి తక్కువ కురిసింది వాన. ఆమె భర్త మిగిలిన కాలంలో బోరు బావి వద్దనో, పట్టణంలో కూలికో పోయి ఆరు నెలలు పూర్తిచేసి ప్రధాన శ్రామికుడవుతాడు. మిగిలిన కాలంలో ఆమె చేసే కట్టెల, మేత, నీళ్ళ పనులు ఆ లెక్కకు రావు.

ఈ చివరి పనుల విషయంలో జాతీయ నమూనా సర్వే వారి పద్ధతి గమనించదగినది. ఉద్యోగ సర్వేలలో ప్రతి వ్యాపకానికీ ఒక సంకేత సంఖ్య ఉంటుంది. కేవలం ఇంటిపనులు చేసేవారికి 92 అనే సంఖ్య. ఇంటిపనులతోపాటు కట్టెలు, మేత, దుంపలు, కూరలు ఏరి తేవడం, ఇంటి అవసరానికి కుట్టడం, నేయడం వంటివి చేసేవారికి 93. రెండు సంఖ్యలకు చెందినవారూ శ్రామిక శక్తి వెలుపలే ఉంటారు. అంటే సర్వే ఆ పనిని చూసింది, సంఖ్య కూడా ఇచ్చింది, కాని శ్రమ అని అంగీకరించలేదు. 2013లో అంతర్జాతీయ శ్రమ గణాంక వేత్తల పందొమ్మిదవ సమావేశం పని అన్న పదానికి విస్తృతమైన నిర్వచనం ఇచ్చింది. దాని ప్రకారం ప్రతిఫలం ఉన్నా లేకున్నా, ఇతరుల కోసమైనా సొంత ఇంటికోసమైనా, వస్తువుల ఉత్పత్తి, సేవల నిర్వహణ పనే అవుతుంది. దేశాల సర్వేలు ఈ నిర్వచనంతో పూర్తిగా పొందిక కుదుర్చుకోవడానికి కాలం పడుతుంది.

మరి ప్రతిఫలం లేని పనిని కొలిచేది ఎట్లా? రూపాయలలో కొలవలేనప్పుడు గంటలలో కొలవవచ్చు. సమయ వినియోగ సర్వే వెనుక ఉన్న ఆలోచన ఇదే. తెల్లవారుజామున నాలుగు గంటలనుంచి మరునాడు నాలుగు గంటలవరకు ఇరవైనాలుగు గంటలను అరగంట ముక్కలుగా విభజించి, ఆ ఇంట్లో ఆరేళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ ఏ అరగంటలో ఏమి చేశారో అడిగి రాసుకొంటారు. పల్లెలలోని స్త్రీలకు గడియారం చూసుకొని పనిచేసే అలవాటు తక్కువ కాబట్టి, పాలు పితికే వేళ, బస్సు వచ్చే వేళ, బడి గంట కొట్టే వేళ వంటి గుర్తులను ఆసరా చేసుకొని సమయాన్ని రాబట్టవలసి ఉంటుంది. బిడ్డను చంకన వేసుకొని వంట చేస్తూ పశువును అదిలించే స్త్రీ ఒకే అరగంటలో మూడు పనులు చేస్తున్నది. వీటిలో ఏది ముఖ్యమో నిర్ణయించడం ఆమెకే సాధ్యం కానప్పుడు గణకునికి మరింత కష్టం.

మన దేశంలో ఈ విధమైన తొలి పెద్ద సర్వే 1998 జూలైనుంచి 1999 జూన్ వరకు ఆరు రాష్ట్రాలలో జరిగింది. హర్యానా, మధ్యప్రదేశ్, గుజరాత్, ఒరిస్సా, తమిళనాడు, మేఘాలయ ఆ రాష్ట్రాలు. ఆంధ్రప్రదేశ్ వాటిలో లేదు. కాబట్టి ఆ దశాబ్దపు కరువులలో అనంతపురం స్త్రీ రోజు ఎలా గడిచిందో ఆ సర్వే చెప్పలేదు. అంతలోనే ఇక్కడ ఒక గొప్ప మార్పు వచ్చింది. భూగర్భ జలంలో ఫ్లోరైడు అధికంగా ఉన్న ఈ జిల్లాలో 1995 నవంబరులో సత్యసాయి మంచినీటి పథకం ప్రారంభమై, ఏడు వందలకు పైగా గ్రామాలకు కుళాయి నీరు అందించింది. ఆ పథకాన్ని గురించి చెప్పుకొనేటప్పుడు సాధారణంగా వినిపించేవి గ్రామాల సంఖ్య, గొట్టాల పొడవు, ఖర్చయిన కోట్లు. బిందెలు మోసిన చేతులకు రోజుకు ఎంత సమయం ఆదా అయిందన్నది కూడా ఆ పథకపు ఫలితమే. పథకానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి సమయాన్ని కొలిచి ఉంటేనే ఆ ఫలితాన్ని అంకెలలో చూపడం సాధ్యమవుతుంది.

దేశవ్యాప్తంగా సమయ వినియోగ సర్వే జరగడానికి 2019 వరకు ఆగవలసి వచ్చింది. జీతం లేని ఇంటిపనులలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని ఆ సర్వేలో తేలింది. అసలు అటువంటి పనిలో చేయి పెట్టినవారు స్త్రీలలో 81.2 శాతం కాగా పురుషులలో 26.1 శాతమే. 2024లో మళ్ళీ జరిగిన సర్వేలో ఈ సమయం స్త్రీలకు 289, పురుషులకు 88 నిమిషాలు. ఐదేళ్ళలో స్త్రీలకు తగ్గినది పది నిమిషాలు. పురుషులకూ తొమ్మిది తగ్గాయి. ఈ అంకెలు రెండవసారి కూడా సేకరించబడ్డాయి కనుకనే ఈ పోలిక సాధ్యమైంది. ఒకే ఒకసారి జరిపిన సర్వే వార్తాపత్రికకు పనికివస్తుంది. విధానం రూపొందించేవారికి క్రమం తప్పని సర్వేలు కావాలి.

శ్రమ తరువాత చెప్పుకోవలసినది భూమి. దేశంలో ఐదేళ్ళకొకసారి జరిగే వ్యవసాయ గణనలో కమతం నడిపేవారు స్త్రీలా, పురుషులా అన్న వివరం 1995-96లోగాని చేరలేదు. ఆ తరువాత 2010-11లో కమతదారులలో స్త్రీలు 12.79 శాతమని, 2015-16లో అది దాదాపు 14 శాతానికి చేరిందని తెలిసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ వాటా దేశపు సగటుకంటె ఎక్కువ. ఇది సంతోషకరమే. కాని పట్టాదారు పాసు పుస్తకంలో పేరు లేకుండా, భర్త పేరున, మామగారి పేరున ఉన్న భూమిని దున్నించి విత్తించి కోయించే స్త్రీలు ఎందరో ఉన్నారు. కౌలుకు తీసుకొని సాగుచేసేవారు ఉన్నారు. భర్త వలసపోయిన ఇళ్ళలో వ్యవసాయపు నిర్ణయాలన్నీ స్త్రీయే తీసుకొంటుంది. వీరిని రైతు అని పిలవడానికి గ్రామంలో ఎవరికీ అభ్యంతరం ఉండకపోవచ్చు. కాగితం మాత్రం ఒప్పుకోదు. పంట రుణం, బీమా, పెట్టుబడి రాయితీ, కరువు సాయం ఇవన్నీ కాగితం వెంట నడుస్తాయి.

ఈ వ్యత్యాసం ఎంతదూరం పోతుందో రైతుల ఆత్మహత్యల సందర్భంలో బయటపడింది. 1990ల చివరినుంచి అనంతపురం ఈ విషాదానికి దేశంలో తరచు వినిపించే పేరయింది. 2004 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం మరణించిన రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో యాభై వేలు మంజూరు చేసే విధానాన్ని ప్రకటించింది. మరణించినది రైతేనా అని విచారించి నిర్ధారించాలి. అప్పుడు భూమి పత్రాలు, అప్పు పత్రాలు చూడవలసి వస్తుంది. పత్రాలలో పేరు లేని స్త్రీ మరణిస్తే ఆమె రైతు అని నిరూపించడం ఎట్లా? పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ ఆ సంవత్సరాలలో ఈ జిల్లా గ్రామాలు తిరిగి, స్త్రీలను రైతులుగా గుర్తించనందువల్ల వారి మరణాలు రైతుల మరణాల లెక్కలోకి రావడం లేదని రాశారు. జాతీయ నేర గణాంక సంస్థ ఏటా ప్రకటించే ఆత్మహత్యల పట్టికలలో వృత్తి వారీ విభజన ఉంటుంది. అందులో గృహిణి అనే శీర్షిక కింద ఇటీవలి సంవత్సరాలలో ఏటా ఇరవై వేలకు మించిన సంఖ్య కనిపిస్తున్నది. వారిలో చేనిపని చేసేవారు ఎందరో ఆ పట్టిక చెప్పదు. ఎమ్.ఎస్. స్వామినాథన్ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ రైతు కమిషన్ సూచనలను అనుసరించి రూపొందిన 2007 నాటి జాతీయ రైతు విధానం, భూమి హక్కుతో నిమిత్తం లేకుండా సాగుదారులను, కౌలుదారులను, వ్యవసాయ కూలీలను, స్త్రీలను కూడా రైతు అన్న పదంలో చేర్చింది. విధాన పత్రంలోని విశాలమైన నిర్వచనం రెవెన్యూ దస్తావేజులోకి దిగిరావడం ఇంకా మిగిలి ఉంది.

చేనిలో లెక్కకు రాని స్త్రీ, కరువు పనిలో లెక్కకు వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. పని పొందేవారిలో కనీసం మూడవవంతు స్త్రీలు ఉండాలనీ, స్త్రీపురుషులకు సమాన కూలి చెల్లించాలనీ ఆ చట్టం నిర్దేశించింది. ఈ నిబంధన అమలు కావాలంటే ఎందరు స్త్రీలు, ఎన్ని రోజులు పనిచేశారో తెలియాలి. మస్టరులో ప్రతి మనిషి పేరు, హాజరు వేరుగా పడాలి. దానిని కంప్యూటరులోకి ఎక్కించాలి. ఆంధ్రప్రదేశ్ ఈ పనిలో మొదటినుంచీ ముందున్నది. ఇక్కడ మొత్తం పనిదినాలలో స్త్రీల వాటా తొలి సంవత్సరాలలోనే సగం దాటింది. ఇంట్లో ఏమీ చేయదని జనగణనలో నమోదైన స్త్రీ, మస్టరులో గడ్డపారతో గుంత తవ్విన రోజులతో సహా కనిపించింది. ధాత కరువు నాటి లెక్కకూ దీనికీ తేడా ఉంది. అప్పుడు కూలి తగ్గించడానికి వేరుగా లెక్కపెట్టారు. ఇప్పుడు సమానంగా చెల్లించారో లేదో తెలియడానికి.

ఆ సంవత్సరమే జిల్లాలో పెద్దయెత్తున సామాజిక తనిఖీ జరిగింది. మస్టరులోని పేర్లను, రోజులను గ్రామస్థుల ఎదుట చదివి వినిపించారు. చేయని పనికి పేరు ఎక్కినా, చేసిన పనికి పేరు ఎక్కకపోయినా అక్కడికక్కడే తెలుస్తుంది. గణాంక శాస్త్రంలో సమాచారాన్ని సరిచూసే పద్ధతులు అనేకం ఉన్నాయి గాని, లెక్కలో ఉన్న మనిషికే ఆ లెక్కను చదివి వినిపించడం వంటిది అరుదు. ఇందులోనూ ఒక లోపం లేకపోలేదు. హాజరు మనిషికి పడినా, నూరు రోజుల హామీ కుటుంబానికి ఉండేది. జాబ్ కార్డు కుటుంబానిదిగా ఉండేది. ఇంట్లో ఆ నూరు రోజులను ఎవరెంత పంచుకొన్నారన్నది కుటుంబం లోపలి వ్యవహారమైంది.

వలస సంగతి ఇంతకంటె జటిలం. వాన లేని సంవత్సరాలలో అనంతపురం పల్లెలు బెంగళూరు దారి పడతాయి. జనగణనలో వలసకు కారణం అడుగుతారు: ఉద్యోగం, వ్యాపారం, చదువు, వివాహం, కుటుంబంతోపాటు తరలడం, ఇతరములు. ఒక్కటే చెప్పాలి. భర్తతోపాటు పోయి భవన నిర్మాణంలో ఇటుకలు మోసే స్త్రీ సాధారణంగా కుటుంబంతోపాటు తరలినవారిలో చేరుతుంది. నాలుగు నెలలు పోయి తిరిగి వచ్చేవారైతే అసలు వలసగానే నమోదు కాకపోవచ్చు.

ఇవి ఒక్క మన దేశపు ఇబ్బందులు కావు. 1975లో మెక్సికో నగరంలో జరిగిన తొలి ప్రపంచ మహిళా సమావేశం నుంచి ఐక్యరాజ్య సమితి ఈ విషయాన్ని చర్చకు పెడుతూ వచ్చింది. 1995లో బీజింగ్‌లో 189 దేశాలు అంగీకరించిన కార్యాచరణ ప్రణాళికలో స్త్రీపురుషులవారీగా గణాంకాలు సేకరించి ప్రచురించడం ఒక ప్రత్యేక లక్ష్యమైంది. భారత ప్రభుత్వపు గణాంక శాఖ స్త్రీపురుషుల స్థితిని తెలిపే సంకలనాన్ని ఆ సంవత్సరం నుంచే వెలువరించసాగింది. 2013లో ఐక్యరాజ్య సమితి గణాంక సంఘం 52 సూచికలతో ఒక కనీస పట్టికను అంగీకరించింది. 2015 నాటి సుస్థిర అభివృద్ధి లక్ష్యాలలో అయిదవది స్త్రీపురుష సమానత్వం. ప్రతిఫలం లేని ఇంటిచాకిరీకి వెచ్చించే సమయం దాని సూచికలలో ఒకటి. కాని పట్టికలో సూచిక ఉండడం వేరు, దానిని నింపగల శక్తి దేశానికి ఉండడం వేరు. సమయ వినియోగ సర్వేకు ఖర్చు ఎక్కువ, శిక్షణ ఎక్కువ, ఓపిక మరీ ఎక్కువ. బడ్జెటు తగ్గినప్పుడు మొదట వాయిదా పడేవి ఇటువంటి సర్వేలే. అందుకే పేద దేశాల గణాంక కార్యాలయాలకు ధనసహాయం, శిక్షణ అందించడానికి అంతర్జాతీయ సంస్థలు కార్యక్రమాలు చేపట్టాయి. 2016లో ఐక్యరాజ్య సమితి మహిళా విభాగం ప్రారంభించిన కార్యక్రమం వాటిలో ఒకటి.

అయితే ధనం, యంత్రాలు సమకూరినా చివరికి పని జరిగేది గుమ్మం దగ్గరే. స్త్రీని గురించిన ప్రశ్నకు స్త్రీయే సమాధానం చెప్పే అవకాశం ఉన్నదా? అడిగేవారిలో స్త్రీలు ఉన్నారా? "ఏం పని చేస్తారు?" అని ఊరుకోక "విత్తనం ఒలిచారా? కలుపు తీశారా? పశువులను మేపారా?" అని ఒక్కొక్క పనీ పేరు చెప్పి అడిగారా? పనుల పేర్లు చెప్పి అడిగినప్పుడు, మొదట లేదన్నవారే అవునని చెప్పే అవకాశం ఎక్కువ. దీనికి కొత్త సాంకేతికత ఏదీ అక్కరలేదు; ఆ ప్రాంతపు పంటలు, పనులు, వాటి స్థానిక నామాలు గణకునికి తెలియాలి. అనంతపురంలో అడగవలసిన పనులు వేరు, పశ్చిమ గోదావరిలో అడగవలసినవి వేరు.

2021లో జరగవలసిన జనగణన కోవిడ్ వల్ల వాయిదా పడింది. 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా 2025 జూన్‌లో ప్రభుత్వం ప్రకటించింది. జనాభా వివరాల సేకరణకు దానికి ముందున్న ఫిబ్రవరి నెలను నిర్ణయించారు. కాగితపు పత్రాలకు బదులు ఈసారి గణకుల చేతిలో మొబైల్ ఫోను ఉంటుంది. ఫిబ్రవరి నాటికి అనంతపురంలో వేరుశనగ ఇళ్ళకు చేరి, చేలు ఖాళీ అయి ఉంటాయి. ఆ రోజుల్లో ఊరికి వచ్చినవారికి చేనిలో వంగి పనిచేసే స్త్రీలు కనిపించరు. కాబట్టి కంటికి కనిపించినదాన్ని నమ్మక, గడచిన పన్నెండు నెలలను గుర్తుచేసి, తొలకరినుంచి నూర్పిడి వరకు ఒక్కొక్క పనినీ అడగవలసి ఉంటుంది. అరుగుమీద కూర్చొన్న యజమానితోపాటు, తలుపు చాటున నిలుచున్న ఇల్లాలినీ పిలిచి.